ఎన్‌లార్జర్ బల్బు త్వరగా మాడిపోకుండా: విశాఖ డార్క్‌రూములకు కొన్ని సూచనలు

డార్క్‌రూములో నెగెటివును పెద్దదిగా చేసి పేపరు మీద ప్రింటు వేసే పరికరమైన ఎన్‌లార్జరులో వాడే ఓపల్ (పాలవంటి తెల్లని గాజు) బల్బుకు మామూలు ఫిలమెంటు బల్బుకు ఉన్నంత ఆయుష్షు ఉండదు. వెలుతురు తెల్లగా, ధారాళంగా రావడం కోసం దాని ఫిలమెంటు మరింత వేడెక్కేలా తయారుచేస్తారు కనుక, ఇంటి బల్బు 1,000 గంటలు వెలిగే చోట ఇది సాధారణంగా 100 గంటల ప్రాంతంలోనే మాడిపోతుంది. ఆ లెక్క కూడా బల్బు మీద ముద్రించిన వోల్టేజికే వర్తిస్తుంది. విశాఖపట్నంలో అంతకంటే ముందే దానిని దెబ్బతీసేవి రెండు: రాత్రివేళ పెరిగే వోల్టేజి, సముద్రపు ఉప్పుగాలి.

ప్రింట్లు వేసే పని ఎక్కువగా రాత్రిపూటే జరుగుతుంది. దుకాణాలు మూతపడి లోడు తగ్గాక, 230 వోల్టులు ఉండవలసిన సరఫరా కొన్ని వీధులలో 240కి చేరుతుంది. పాత విదేశీ బల్బుల మీద తరచు 220 అనే ఉంటుంది. అటువంటి బల్బును 240 వద్ద వెలిగిస్తే వెలుతురు దాదాపు మూడోవంతు పెరుగుతుంది, ఆయుష్షు మాత్రం ఇంచుమించు మూడోవంతుకు పడిపోతుంది. అందువల్ల మీరు పనిచేసే వేళలోనే ప్లగ్గు పాయింటు వద్ద మల్టీమీటరుతో వోల్టేజిని కొలిచి చూడండి.

స్టెబిలైజరు కొనేటట్లయితే సర్వో రకమే (మోటారుతో వోల్టేజిని మెల్లగా సరిదిద్దేది) కొనడం మంచిది. ఫ్రిజ్‌కు వాడే రిలే రకం వోల్టేజిని మెట్లు మెట్లుగా మారుస్తుంది. ఆ మార్పు ఎక్స్‌పోజరు (పేపరు మీద వెలుతురు పడే సమయం) మధ్యలో జరిగితే ప్రింటు చెడుతుంది. స్టెబిలైజరు తరువాత వేరియాక్ (వోల్టేజిని కావలసినంతకు మార్చుకోగల ట్రాన్స్‌ఫార్మరు) ఒకటి చేర్చి, బల్బు మీద రాసిన దానికంటే వోల్టేజిని 5 శాతం తగ్గిస్తే ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుంది. వెలుతురు ఆరోవంతు తగ్గుతుంది కాబట్టి 10 సెకన్ల ఎక్స్‌పోజరు 12 సెకన్లవుతుంది, అంతే. ఇంకా తగ్గించాలనే ఆశ వద్దు: వెలుతురు పసుపుకు తిరిగి, వెలుతురు రంగును బట్టి కాంట్రాస్టు (నలుపు తెలుపుల తేడా) మారే మల్టీగ్రేడ్ పేపరు మీద అది పడిపోతుంది.

ఇక ఉప్పుగాలి సంగతి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వంటి తీరప్రాంతపు ఇళ్లలో హోల్డరులోని ఇత్తడి భాగాలకు చిలుము పడుతుంది. పట్టు సరిగా లేని చోట నిప్పురవ్వలు లేచి బల్బు అడుగుభాగం వేడెక్కుతుంది, వెలుతురు రెపరెపలాడుతుంది. నింద మాత్రం పాపం బల్బు తయారీదారు మీద పడుతుంది. వానలకు ముందొకసారి, తుఫాన్ల కాలం గడిచాక మరొకసారి ప్లగ్గు తీసి, బల్బు పూర్తిగా చల్లారాక, ఆ భాగాలను సన్నని గరుకు కాగితంతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వండి. హోల్డరు మధ్యనున్న రేకు కిందికి అణిగి ఉంటే కొద్దిగా పైకి లేపండి.

మాటిమాటికీ స్విచ్చి వేయడం వల్లనే బల్బులు పోతాయన్న మాట నా దృష్టిలో కొంత అతిశయోక్తి. చల్లని ఫిలమెంటులోకి మొదటి క్షణంలో పదింతలకు పైగా కరెంటు దూసుకువచ్చే మాట నిజమే కాని, అది తెగేది అప్పటికే సన్నబడిన చోట. అయినా టెస్ట్ స్ట్రిప్ (సరైన సమయం తేల్చుకోవడానికి ఒక పేపరు ముక్క మీద వేర్వేరు సెకన్లు వెలుతురు పడనిచ్చే పరీక్ష) కోసం అయిదుసార్లు వెలిగించే బదులు, ఒకేసారి 15 సెకన్లు వెలిగించి మూడేసి సెకన్లకు పేపరును కప్పే అట్టను జరపవచ్చు. బల్బు వెలుగుతుండగా హెడ్డును (ఎన్‌లార్జరులో బల్బు ఉండే పైభాగాన్ని) కుదుపుతో పైకి కిందికి జరపకండి; వేడెక్కిన ఫిలమెంటు మెత్తబడి ఉంటుంది.

వెలుతురు బయటికి చిమ్ముతోందని హెడ్డు మీది గాలి రంధ్రాలకు నల్లగుడ్డ కప్పే అలవాటు మే నెల ఉక్కలో మరీ ప్రమాదకరం. దానికి బదులు వెనుక గోడకు మెరుపులేని నల్లరంగు వేయించండి. 75 వాట్ల హెడ్డులో 150 వాట్ల బల్బు పెట్టకండి.

హాలొజన్ హెడ్డులకు పద్ధతి వేరు. గాజును వట్టి చేతితో తాకకూడదు, తాకితే ఆల్కహాలుతో తుడిచి వాడాలి. హాలొజన్ చక్రం (ఫిలమెంటు నుంచి ఆవిరైన టంగ్‌స్టన్‌ను తిరిగి దాని మీదికే చేర్చే ప్రక్రియ) సాగడానికి గాజు దాదాపు 250 డిగ్రీల వేడితో ఉండాలి కనుక వోల్టేజిని బాగా తగ్గించడం కూడా తగదు.

ఒక నెగెటివును ప్రమాణంగా పెట్టుకుని, అదే సైజులో, అదే అపర్చరులో (లెన్సు రంధ్రపు సైజులో) దానికి పట్టే సెకన్లను పుస్తకంలో రాసుకుంటూ ఉండండి. వోల్టేజి మారకుండానే ఆ సమయం పెరుగుతూ, గాజు లోపల బూడిదరంగు పట్టు కనిపిస్తే, బల్బు ఇంకా వెలుగుతున్నా సరే మార్చండి.