ఎగుమతి ఫ్యాక్టరీ భద్రతా తనిఖీకి తయారవడం – 3వ భాగం: కంటైనర్, సీలు

పోయిన రెండు భాగాల్లో ఏఈఓ, అంటే నమ్మకమైన వ్యాపారి అని కస్టమ్స్ వాళ్లు ఇచ్చే అథరైజ్డ్ ఎకనామిక్ ఆపరేటర్ హోదా ఎందుకో, దరఖాస్తుకు ఏ కాగితాలు సర్దుకోవాలో చూశాం. ఇందులో మొదటి మెట్టు టీ1, అది కాగితాల మీదే వచ్చేస్తుంది. దాని పై మెట్టు టీ2 కావాలంటే మాత్రం కస్టమ్స్ అధికారులు ఫ్యాక్టరీకి వచ్చి చూస్తారు. మేనేజర్లు ఆ రోజు కోసం ఫైళ్లకు కొత్త అట్టలు వేయిస్తారు. అధికారులు టీ తాగి నేరుగా లోడింగ్ దగ్గరికి నడుస్తారు. అందుకే ఈ భాగమంతా లోడింగ్ ప్లాట్‌ఫారం మీదే.

ఉదాహరణకు నెల్లూరు వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీ అనుకుందాం. చీమకుర్తి గ్రానైట్ వాళ్లకూ పద్ధతి ఇదే, కంటైనర్ రకం మారుతుందంతే.

ఖాళీ కంటైనర్ గేటు దాటి లోపలికి రాగానే పని మొదలవుతుంది. దీన్ని ఏడు వైపుల తనిఖీ అంటారు: బయటి అడుగు భాగం, తలుపులు లోపలా బయటా, కుడి గోడ, ఎడమ గోడ, ముందు గోడ, పైకప్పు, నేల. చాలాచోట్ల దీనికి ఒక ఫారం ఉంటుంది, ఏడు గళ్లలోనూ ఒకే పెన్నుతో ఒకే ఊపులో టిక్కులు పడి ఉంటాయి. ఆ టిక్కులు చూస్తేనే తెలిసిపోతుంది, కంటైనర్ లోపలికి ఎవరూ దిగలేదని.

దిగిన మనిషి చేతిలో టేపు, టార్చిలైటు ఉండాలి. అక్రమ సరుకు దాచాలనుకునేవాడు ముందు గోడకు ఒక అడుగు ఇవతల దొంగ గోడ కట్టేస్తాడు. రంగు కలిపేస్తే కంటికి తేడా దొరకదు, టేపుకు దొరుకుతుంది. ఇరవై అడుగుల మామూలు కంటైనర్ లోపలి పొడవు దాదాపు 5.9 మీటర్లు. నలభై అడుగుల రీఫర్‌లో, అంటే చల్లదనం ఉంచే కంటైనర్‌లో, కూలింగ్ మెషీన్ కొంత చోటు తీసుకుంటుంది కాబట్టి లోపల దాదాపు 11.5 మీటర్లే ఉంటుంది. ఈ రెండు అంకెలూ ప్లాట్‌ఫారం గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి. మామూలు కంటైనర్ గోడ తడితే ఖంగుమంటుంది. రీఫర్ గోడల్లో ఫోమ్ నింపి ఉంటుంది కాబట్టి అంతటా మెత్తటి శబ్దమే వస్తుంది. ఎక్కడైనా శబ్దం మారిందంటే లోడింగ్ ఆపేయండి.

తలుపుల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. తెలివైన దొంగ సీలు జోలికి పోడు. సీలును అలాగే ఉంచి, తలుపు హ్యాండిల్‌ను పట్టి ఉంచే రివెట్లు ఊడదీస్తాడు, సరుకు తీసుకుని మళ్లీ బిగించి రంగు పూస్తాడు. అందుకని హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. రివెట్ల మీద మాత్రం రంగు కొత్తగా మెరుస్తుంటే ఆ కంటైనర్ వద్దని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు అప్పుడే చెప్పేయండి.

ఇక సీలు. ఇనుప బోల్టు, దాని కింద బిగుసుకునే గుండ్రటి టోపీ, రెండింటి మీదా ఒకే నంబరు. కంటైనర్ సీళ్లకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17712లో మూడు తరగతులున్నాయి. మనకు కావాల్సింది పైది, హై సెక్యూరిటీ. సీలు మీద 'హెచ్' అక్షరం ఉంటుంది. అది కనీసం పది కిలోన్యూటన్ల లాగుడు తట్టుకోవాలి. మన లెక్కలో ఒక టన్ను బరువు వేలాడదీసినంత. సొంతంగా సీలు వేసుకునే ఎగుమతిదారులకు 2017లో ఆర్ఎఫ్ఐడీ, అంటే రేడియో తరంగాలతో చదివే ఎలక్ట్రానిక్ సీలు పద్ధతి వచ్చింది. బండి కదలకముందే సీలు నంబరు, కంటైనర్ నంబరు, షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) నంబరు, లారీ నంబరు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. పోర్టులో రీడర్ పెట్టి చూస్తే సీలు చెక్కుచెదరకుండా ఉందో లేదో చెప్తుంది.

సీలు ఎంత గట్టిదైనా, వాటిని దాచే డ్రాయరు వదులైతే లాభం లేదు. ఇది నేను చూసిందే. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో మొదటి తనిఖీ రోజు. రిజిస్టరు ప్రకారం కొన్నవి 200, వాడినవి 171. పెట్టెలో 29 ఉండాలి. అధికారి బల్ల మీద వరసగా పేర్చి లెక్కపెట్టారు. 27. మళ్లీ లెక్కపెట్టారు, 27. నా చేతులు చల్లబడ్డాయి. సాయంత్రానికి జాడ తెలిసింది: ఒకటి కొత్త సూపర్‌వైజరుకు ఎలా వేయాలో చూపించడానికి వేసి కోసేశారు, ఇంకొకటి పాత గోడౌను వెనక తలుపుకు తాళంలా బిగించారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. కానీ మన పేరున్న సీలు ఒక్కటి బయటికి పోతే, దారిలో అసలు సీలు కోసి ఇది వేసి "నంబరు రాయడంలో తప్పు పడింది" అనేయవచ్చు. అధికారి దాన్ని లోపంగా రాశారు, రాయాల్సిందే. ఆ తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి మీరూ పెట్టుకోండి: పెట్టెకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. పాడైన సీలు, నేర్పడానికి వాడిన సీలు కూడా రిజిస్టరులో ఎక్కాలి, కోసిన ముక్కలు కవరులో ఉండాలి. ప్రతి శనివారం డిస్పాచ్‌కు సంబంధం లేని మనిషి లెక్కపెట్టాలి.

సీలు వేశాక నాలుగు మాటలు: చూడు, సరిపోల్చు, లాగు, తిప్పు. సీలునూ హ్యాండిల్‌నూ చూడాలి, నంబరును కాగితంతో సరిపోల్చాలి, బోల్టును కిందికి లాగాలి, టోపీని తిప్పాలి. తిరిగి ఊడొస్తే అది సీలు కాదు.

ఈ నాలుగు మాటలు మేనేజరుకు వచ్చినా చాలదు. అధికారి అడిగేది గేటు దగ్గర వాచ్‌మన్‌ను. మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. బండి బయటికి పోయేటప్పుడు నంబరు ఆయనే రాయాలి. ఒకసారి నేను రిజిస్టరు తిరగేస్తుంటే రాత్రి బండ్లన్నిటికీ చివరి రెండంకెలు అలికినట్టున్నాయి. అడిగితే, "నంబరు చూసేదానికి లైటు చాల్లేదు సార్, అంకె చీమ తలకాయంత ఉండాది" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ను ఎవరూ అడగలేదు. గేటుకు ఒక ఫ్లడ్‌లైటు, ఆయనకు కళ్లద్దాలు వచ్చాక ఆ పేజీలు శుభ్రంగా మారాయి. మీ భద్రతా విధానంలో ఎంత మంచి వాక్యం రాసినా, అది అమలయ్యేది అలాంటి పెద్దాయన చేతిలోనే. ఆయన పేరు శిక్షణ రిజిస్టరులో ఉందా? ఆయనకు తెలుగులో చెప్పారా, ఇంగ్లీషు కాగితం మీద సంతకం తీసుకున్నారా?

దారి గురించి క్లుప్తంగా. నెల్లూరు నుంచి చెన్నై పోర్టులకు పోయే బండి ఎక్కడ ఆగవచ్చో, ఎన్ని గంటల్లో చేరాలో ముందే రాసిపెట్టండి. నాయుడుపేట దగ్గర భోజనానికి ఆగితే డ్రైవర్ ఫోన్ చేయాలి. రొయ్యల వాళ్లకు ఇంకో సాక్షి కూడా ఉంది: లోపల మైనస్ 18 డిగ్రీలు రాసుకుంటూ పోయే డేటా లాగర్. తలుపు తెరిచి కాసేపు ఉంచితే ఉష్ణోగ్రత గీత పైకి లేస్తుంది. నాణ్యత విభాగం వాళ్లు చూసి పక్కన పడేసే ఆ గీతను భద్రత ఫైల్లోనూ పెట్టండి.

ఈ వారం అభ్యాసం: మీ సీలు పెట్టె తెరిచి లెక్కపెట్టండి, రిజిస్టరుతో పోల్చండి. తేడా వస్తే దిద్దకండి, ఉన్నదున్నట్టు తేదీ వేసి రాయండి. తర్వాత రాత్రి బండి లోడయ్యే వేళకు గేటు దగ్గరికి వెళ్లి, వాచ్‌మన్ నిలబడే చోటే నిలబడి సీలు నంబరు చదవండి. నాలుగో భాగంలో మన సరుకు మోసే ట్రాన్స్‌పోర్టు, ఐస్, ప్యాకింగ్ వాళ్లను ఏం అడగాలో చూద్దాం.