సంక్రాంతికి ఊరెళ్లేముందు పాత అంబాసిడర్, పద్మిని కార్లకు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పండక్కి ఊరెళ్లేవాళ్లు బంగారాన్ని లాకర్లో పెడతారు, గ్యాస్ కట్టేస్తారు. సెల్లార్‌లో కవర్ కప్పి ఉన్న అంబాసిడర్ మాత్రం ఎవరికీ గుర్తుండదు. దాన్నెవడు ఎత్తుకుపోతాడులే అని ధీమా. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, పద్మిని అంతకన్నా చాలా ముందే ఆగిపోయింది. ఒరిజినల్ విడిభాగాలు ఇప్పుడు తేలిగ్గా దొరకవు కాబట్టి, బండిని బండిగా కొనేవాడు లేకపోయినా ముక్కలుగా కొనేవాళ్లున్నారు. గ్రిల్లు, క్రోమ్ బంపర్లు, హెడ్‌లైట్ రింగులు, మోనోగ్రామ్‌లు ముందు పోతాయి. అంటే మీ బండికి రెండు రకాల దొంగలు: స్టార్ట్ చేసి తోలుకుపోయేవాడు, క్రేన్‌కి తగిలించుకుపోయేవాడు. రెండోవాడికి మీ తాళంతో పనే లేదు.

తాళం సంగతి ముందు చూద్దాం. సరైన తాళంచెవి కాకపోతే ఇంజిన్‌ని స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ ఈ బళ్లకి ఉండదు. ఏళ్ల తరబడి తిరిగిన తాళం లోపల అరిగిపోయి, ఇంకో బండి చెవి పెట్టినా తిరుగుతుంది. ఇంట్లో పడున్న పాత చెవులన్నీ ఒకసారి పెట్టి చూడండి, ఏదో ఒకటి తిరిగితే బ్యారెల్ (చెవి దూరే తాళం గొట్టం) మార్చాల్సిందే. ముందు తలుపుల్లో ఉండే చిన్న త్రికోణపు అద్దాన్ని బయటినుంచి నెట్టి చూడండి. గడియ వదులైతే అద్దం తెరుచుకుంటుంది, చెయ్యి లోపలికి పెట్టి తలుపు తీయొచ్చు. పాత బళ్లలో ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది దీన్నే.

స్టార్ట్ కాకుండా చేయడానికి పెట్రోలు బండికి రూపాయి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాప్‌కి ఉన్న రెండు స్ప్రింగ్ క్లిప్పులు తీసి, లోపల తిరిగే రోటర్ అనే చిన్న ముక్కని పైకి లాగి జేబులో వేసుకోండి. క్యాప్ మళ్లీ పెట్టేయండి. సెల్ఫ్ తిరుగుతుంది, స్పార్క్ మాత్రం ప్లగ్గులకి అందదు. తిరిగొచ్చాక షాఫ్ట్ మీది గాడిలో కూర్చోబెడితే సరి, అది ఒక్క దిక్కుకే కూర్చుంటుంది కాబట్టి టైమింగ్ మారదు.

రోజూ వాడే బండికి రహస్య స్విచ్ మేలు, కానీ దాన్ని ఎక్కడ కలిపారన్నదే ముఖ్యం. చాలామంది ఎలక్ట్రీషియన్లు స్పార్క్ పుట్టించే కాయిల్‌కి కరెంటు వచ్చే తీగ మధ్యలో స్విచ్ పెట్టేస్తారు. దొంగ కాయిల్‌కి వేరే తీగతో నేరుగా కరెంటు ఇస్తే ఆ స్విచ్ దండగ. కాయిల్ నుంచి పాయింట్లకి (డిస్ట్రిబ్యూటర్ లోపల కరెంటుని తెంపి కలిపే మీటలు) వెళ్లే తీగని బాడీకి ఎర్త్ చేసేలా స్విచ్ పెట్టించండి. ఎటునుంచి కరెంటు ఇచ్చినా స్పార్క్ రాదు. ఒక్క జాగ్రత్త: ఆ స్థితిలో ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే కాయిల్ వేడెక్కి కాలిపోవచ్చు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించిన బండికి ఇది వద్దు.

డీజిల్ అంబాసిడర్‌కి ఇవేవీ పనికిరావు. దానికి స్పార్కే లేదు, బ్యాటరీ పీకేసినా తోసి స్టార్ట్ చేయొచ్చు. డీజిల్ పైపుకి దొంగ కంటికి తేలిగ్గా కనపడని చోట ట్యాప్ పెట్టించుకుని, దాన్ని కట్టేసి వెళ్లాలి.

క్రేన్ విషయానికొస్తే, బండి ఎటు తిప్పి నిలిపారన్నది చూసుకోవాలి. అంబాసిడర్, పద్మినిలకి వెనక చక్రాలు లాగుతాయి, గేర్లో పెడితే బిగుసుకునేవీ అవే. వెనక భాగం బయటికి ఉంటే క్రేన్‌తో వెనక ఎత్తి, ముందు చక్రాల మీద హాయిగా లాక్కెళ్లొచ్చు. అందుకని వెనక భాగం గోడకి దగ్గరగా పెట్టి నిలపండి. మారుతి 800కి ఇది తిరగబడుతుంది, దాని ముక్కు గోడ వైపు ఉండాలి. స్టీరింగ్‌ని ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ముందు చక్రానికి క్లాంప్ (చక్రం తిరగకుండా పట్టి ఉంచే ఇనుప తాళం) వేయండి. గొలుసు వాడితే నేలకి తగలకుండా బిగుతుగా చుట్టాలి. నేలకి ఆనితే కట్టర్‌ని నేలకి అదిమిపెట్టి బలమంతా వేసి తెంపుతారు. పది రోజులపాటు హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచొద్దు, తేమకి బ్రేక్ లైనింగ్ బ్రేక్ డ్రమ్ముకి అంటుకుపోతుంది. గేర్, చక్రాల కింద చెక్కలు చాలు.

జీపీఎస్ ట్రాకర్ పెట్టించాక బ్యాటరీని మర్చిపోతే ఇబ్బంది. నిలిపిన బండిలో ట్రాకర్ 20 మిల్లీయాంపులు తాగుతోందనుకుంటే రోజుకి దాదాపు అర యాంపియర్-అవర్, నెలకి 14 పైనే. 40 యాంపియర్-అవర్ల పాత బ్యాటరీ అంతకే చతికిలపడొచ్చు. బ్యాటరీ కటాఫ్ స్విచ్ కూడా ఉంటే, ట్రాకర్ తీగని స్విచ్‌కి ముందే, బ్యాటరీ టెర్మినల్ నుంచే ఫ్యూజుతో తీసుకోవాలి. లేదంటే కటాఫ్ చేసిన క్షణమే ట్రాకర్ కూడా పడుకుంటుంది. సొంత బ్యాటరీ ఉన్నదే కొనండి. ఇనుప రేకు సిగ్నల్‌ని అడ్డుకుంటుంది కాబట్టి బానెట్ కింద దాచొద్దు, వెనక అద్దం కింది ట్రేలో దాచండి. సిమ్ రీచార్జి గడువు మీరు తిరిగొచ్చేదాకా ఉందో లేదో చూసుకోండి. ట్రాకర్ పెట్టించినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఇక కాగితాలు. థర్డ్ పార్టీ పాలసీకి దొంగతనం పరిహారం రాదు, మీ సొంత బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజ్ పాలసీ ఉండాలి. ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీ, మీరు మాట్లాడుకుని ఒప్పుకునేదే, కాబట్టి రిపేరు బిల్లులు, ఫోటోలు చూపించి సరైన విలువ రాయించుకోండి. 15 ఏళ్లు దాటిన బండి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు తీరి ఉంటే క్లెయిమ్ దగ్గరే ఇరుక్కుంటారు: తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు దాటిన బండి చోరీకి పరిహారం చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి, పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి దాచుకోండి. నంబర్ ప్లేట్ నిమిషంలో మారుతుంది. డ్యాష్‌బోర్డ్ మీది పగులు, డిక్కీలోని వెల్డింగ్ మచ్చ అంత తేలిగ్గా మారవు, వాటినీ ఫోటో తీయండి.

అమ్మకానికి ఆన్‌లైన్లో పెట్టి ఉంటే ఊరెళ్లేముందు ఆ ప్రకటన తీసేయండి. ఏ వీధిలో ఏ బండి ఉందో చెప్పే చీటీ అది. రిపేరు షెడ్డులో వదిలిన పెట్రోలు బండికైతే రోటర్ మీ దగ్గరే ఉండాలి.

తిరిగొచ్చేసరికి బండి లేకపోతే ముందు ట్రాఫిక్ స్టేషన్‌కి ఫోన్ చేయండి. రోడ్డు మీద కదలకుండా ఉన్న పాత బండిని వదిలేసిన బండిగా తీసుకెళ్లి ఉండొచ్చు. అక్కడ లేదంటే వెంటనే 112కి చెప్పి, అదే రోజు ఎఫ్ఐఆర్ రాయించి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయండి. క్లెయిమ్‌కి చెవులు రెండూ అడుగుతారు, ఒకటే ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాను అమ్మేవాళ్లకి ఫోటోలు పంపండి. బండి దొరక్కపోతే పోలీసుల తుది నివేదిక వచ్చాకే డబ్బు వస్తుంది, అందుకు నెలలు పడుతుంది.