పీసీఓఎస్‌లో కదలని బరువు: నాకు పనిచేసింది ఇదీ

పీసీఓఎస్ అంటే హార్మోన్ల తేడాతో పీరియడ్స్ క్రమం తప్పే సమస్య. నాకైతే పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి, మెడ వెనక నల్లటి చార, 78 కిలోల దగ్గర ఆగిపోయిన బరువు. రాత్రి భోజనం మానేయడం, జ్యూస్ డైట్, గంటసేపు ట్రెడ్‌మిల్ అన్నీ అయిపోయాయి.

దారి దొరికింది పరగడుపున చేసిన ఇన్సులిన్ పరీక్షతో. షుగర్ 92, నార్మలే. ఇన్సులిన్ మాత్రం 18. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో అంచనా వేసే లెక్క (HOMA-IR) ప్రకారం రెండూ గుణించి 405తో భాగిస్తే 4 దాటింది, అది ఎక్కువే. అంటే షుగర్‌ని అదుపులో పెట్టడానికి ఒళ్లు ఇన్సులిన్‌ని అతిగా తయారుచేస్తోంది.

మొదట రాత్రి భోజనం తర్వాత 15 నిమిషాల నడక మొదలుపెట్టాను. నెల తర్వాత వారానికి మూడు రోజులు బరువులు పట్టుకుని స్క్వాట్స్ చేర్చాను; పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుందట. ఆ తర్వాతే డాక్టర్ మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడే షుగర్ మాత్ర) రాశారు, చిన్న డోసుతో, భోజనంతో పాటు.

ఎనిమిది నెలల్లో 5 కిలోలు తగ్గాను, పీరియడ్స్ 35 రోజులకు వస్తున్నాయి. మూడింట్లో దేనివల్లో విడదీసి చెప్పలేను. సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ ఉండొచ్చు, వాళ్లకి నా పద్ధతి కుదరకపోవచ్చు.