అమెరికాలో చరిత్ర చూడాలంటే ఏ ఊరు? పోల్చి ఎంచుకోవడం ఎలా?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలకు మామూలుగా చూపించేవి నయాగరా, న్యూయార్క్. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లు ఇంకో వారం దొరికితే ఏ ఊరికి వెళ్లాలో తేల్చుకోలేరు. నెట్‌లో వెతికితే ప్రతి ఊరికీ ఒక పెద్ద లిస్టు కనిపిస్తుంది. లిస్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏదీ తేలదు. నేను ఎలా పోల్చుకుంటానో బోస్టన్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డీసీ, న్యూ ఆర్లీన్స్ ఉదాహరణలుగా చెబుతాను.

1. ముందు ఏ కథ కావాలో అనుకోండి

స్వాతంత్ర్య పోరాటం ఎలా రాజుకుందో చూడాలంటే బోస్టన్. 1770లో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో ఐదుగురు చనిపోయిన చోటు, 1773లో టీ పెట్టెలను సముద్రంలో పారేయడానికి ముందు జనం గుమిగూడిన ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్, రెండూ నడిచి వెళ్లేంత దగ్గరే. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన, 1787 నాటి రాజ్యాంగం రెండూ ఒకే భవనంలో తయారైన ఊరు ఫిలడెల్ఫియా. ఆ తర్వాత దేశం నడిచిన దారి మొత్తం చూడాలంటే వాషింగ్టన్. ఫ్రెంచ్, స్పానిష్, ఆఫ్రికన్ జీవితాలు కలిసి పాటగా, వంటగా మారిన ఊరు న్యూ ఆర్లీన్స్.

2. జరిగిన చోటు ఎంత, తెచ్చి పెట్టిన వస్తువు ఎంత?

నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఆ ఊళ్లోనే జరిగి, అక్కడే నిలిచి ఉన్నవి ఒక గడిలో, ఎక్కడినుంచో తెచ్చి మ్యూజియంలో పెట్టినవి ఇంకో గడిలో రాయండి.

స్వాతంత్ర్య ప్రకటన అసలు ప్రతి వాషింగ్టన్‌లో, నేషనల్ ఆర్కైవ్స్‌లో అద్దం కింద ఉంది. సిరా బాగా వెలిసిపోయింది, సంతకాలు కళ్లు చికిలించి చూస్తే గానీ ఆనవు. దాన్ని ఆమోదించిన గది మాత్రం ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్లో ఉంది. అందులో, తర్వాత దేశానికి తొలి అధ్యక్షుడైన జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న అసలు కుర్చీ ఇప్పటికీ ఉంది. దాని వీపు పైభాగాన సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. రాజ్యాంగం మీద సంతకాలు అవుతున్నప్పుడు ఆ సభలోని పెద్దాయన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ బొమ్మనే చూపించి, అది అస్తమించే సూర్యుడు కాదు, ఉదయించే సూర్యుడేనని ఇప్పుడు తెలిసిందన్నాడు. చిన్న గది, మామూలు చెక్క కుర్చీలు. అక్కడ నిలబడితే వాళ్లు ఎంత దగ్గర దగ్గరగా కూర్చుని వాదించుకున్నారో అర్థమవుతుంది.

ఫిలడెల్ఫియా రెండో గడిలో మనవాళ్లు తప్పక రాయాల్సింది ఒకటుంది. అక్కడి ఆర్ట్ మ్యూజియంలో మదురై మదనగోపాలస్వామి గుడి నుంచి వచ్చిన రాతి మండపం ఉంది. 16వ శతాబ్దపు పని, తెలుగు మూలాలున్న నాయకరాజుల కాలం. గుడి ఆవరణలో పడి ఉన్న రాళ్లను 1912లో ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఒకావిడ కొంది, తర్వాత అవి మ్యూజియానికి చేరాయి. మా అమ్మ ఆ గది గుమ్మం దగ్గర ఆగి, వంగి బూట్లు విప్పబోయింది. "అక్కర్లేదమ్మా, ఇది మ్యూజియం" అన్నాను. "స్తంభాలకు ఆ సంగతి తెలియదు కదే" అంది. స్తంభం మీది బొమ్మలన్నీ ఒక్కొక్కటిగా చూసి గానీ కదల్లేదు.

3. మోకాళ్లను లెక్కలో వేయండి

బోస్టన్‌లో ఫ్రీడమ్ ట్రైల్ అని నేల మీద ఎర్ర గీత ఉంటుంది. దాని వెంట సుమారు 4 కిలోమీటర్లు నడిస్తే 16 చారిత్రక స్థలాలు వస్తాయి. చివర్లో ఉన్న బంకర్ హిల్ స్తంభానికి 294 మెట్లు, లిఫ్ట్ లేదు. వాషింగ్టన్‌లో కాపిటల్ (వాళ్ల పార్లమెంటు భవనం) నుంచి లింకన్ మెమోరియల్ దాకా దాదాపు 3 కిలోమీటర్లు, మ్యూజియంల లోపలి నడక దీనికి అదనం. ఫిలడెల్ఫియాలో ఇండిపెండెన్స్ హాల్, లిబర్టీ బెల్ (స్వేచ్ఛ గంట) ఎదురెదురుగానే ఉంటాయి. పెద్దవాళ్లతో వెళ్తే ఇదే సుఖం.

4. ఎవరి కథ వదిలేశారో వెతకండి

లిబర్టీ బెల్ పక్కనే, జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు నివసించిన ఇంటి పునాదులు ఉన్నాయి. ఆ ఇంట్లో ఆయన తొమ్మిది మందిని బానిసలుగా ఉంచుకున్నాడు. స్వేచ్ఛ గంట చూసి, అటు వెళ్లకుండా వచ్చేయకండి. న్యూ ఆర్లీన్స్‌లో కాంగో స్క్వేర్ ఉంది. బానిసలు ఆదివారాలు అక్కడ చేరి డప్పులు కొట్టి ఆడేవాళ్లు, జాజ్ మూలాలు వెతికేవాళ్లు అక్కడికే వస్తారు. వాషింగ్టన్‌లో 2016లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి ఒక రోజంతా ఇవ్వండి.

5. ఖర్చు, టికెట్లు

వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలకు ప్రవేశ రుసుము లేదు. ఖర్చు చూసుకునేవాళ్లకు ఇది పెద్ద ఊరట. కొన్నింటికి మాత్రం ఆన్‌లైన్‌లో ముందుగా టైమ్ పాస్ తీసుకోవాలి. ఇండిపెండెన్స్ హాల్‌కు కూడా ఏడాదిలో ఎక్కువ నెలలు టైమ్ టికెట్ కావాలి. బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో నియమాలు చూసుకోండి, గుమ్మం దాకా వెళ్లి టెన్షన్ పడక్కర్లేదు.

6. కాలం, తిండి

న్యూ ఆర్లీన్స్ వేసవి మన కోస్తా ఉక్కపోత లాంటిదే, పైగా జూన్ నుంచి నవంబర్ దాకా తుపాన్ల కాలం. మార్చిలో హాయిగా ఉంటుంది. అక్కడ గంబో అనే చిక్కటి పులుసు తినండి. మాంసం, చేపలు తినని వాళ్లు ముందు అడిగి తెలుసుకోవాలి. ఆ పేరు బెండకాయకున్న ఆఫ్రికన్ మాట నుంచి వచ్చింది. బోస్టన్‌కు జనవరిలో వద్దు.

ఇక ఎంచుకోవడం. పిల్లలు న్యూజెర్సీ వైపు ఉంటే నా ఓటు ఫిలడెల్ఫియాకు, రెండు రోజులు చాలు. ఇంకా సెలవు మిగిలితే అక్కడినుంచి రైల్లో సుమారు రెండు గంటల్లో వాషింగ్టన్ చేరతారు. ఈ వరసలోనే వెళ్లండి. ఆ గది చూసిన కళ్లతో చూస్తే, వెలిసిపోయిన ఆ సంతకాల ముందు ఇంకో నిమిషం ఆగుతారు.