సినిమా డిస్క్ ఆడుతుంది, కాపీ మాత్రం అవ్వదు: ఎక్కడ చూడాలి

విజయనగరం గంట స్తంభం దగ్గర మా సర్వీసు షాపుకి తరచూ వచ్చే ఫిర్యాదు ఇదే: "కొన్న సినిమా డిస్క్ బాగానే ఆడుతోందండి, కంప్యూటర్‌లో కాపీ తీస్తే బొమ్మ ముక్కలు ముక్కలుగా వస్తోంది." అప్పటికే డ్రైవ్ మార్చేసి, విండోస్ మళ్లీ వేయించేసి ఉంటారు.

ముందు ఇంట్లో ఉన్న పెళ్లి డిస్కో, సిరిమానోత్సవం డిస్కో కాపీ చేసి చూడండి. మన వీడియోగ్రాఫర్లు ఇచ్చే వాటికి కాపీ కాకుండా ఆపే డిజిటల్ తాళం ఉండదు. అది సరిగ్గా వచ్చిందంటే డ్రైవ్‌కి ఏ రోగమూ లేదు. సినిమా డీవీడీకి ఉన్న సీఎస్ఎస్ అనే తాళమే అడ్డు.

"వీఎల్‌సీలో ఆడుతోంది కదా" అంటారు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆ తాళం తీసే లిబ్‌డీవీడీసీఎస్ఎస్ అనే భాగం ఉంటుంది. కాపీకి వాడే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాంలో ఉండదు, ఆ భాగాన్ని విడిగా చేర్చుకోవాలి.

అసలు తిప్పలు పెట్టేది ఇంకోటి. కాపీ తీసే ప్రోగ్రాం మామూలుగా తెరుచుకుంటుంది, పాత డిస్కులు చదువుతుంది, కొత్త బ్లూ-రే పెడితే స్కానింగ్ దగ్గర ఆగిపోతుంది. కారణం: దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి ఉంటుంది. ఇలా ఆగిపోయిన కాపీ ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి. డీవీడీ ఎక్స్ కాపీ అమ్మిన 321 స్టూడియోస్ మీద అమెరికా కోర్టు 2004లో తీర్పిచ్చింది, అదే ఏడాది కంపెనీ మూతపడింది. డీవీడీ డిక్రిప్టర్ 2005లో ఆగింది. ఎనీడీవీడీ తయారుచేసిన స్లైసాఫ్ట్ 2016 ఫిబ్రవరిలో దుకాణం కట్టేసింది. బ్లూ-రే తాళాలు మారుతూ ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు కొత్త డిస్క్ వివరాల కోసం కంపెనీ సర్వర్‌ని అడుగుతాయి. సర్వరే లేకపోతే జవాబిచ్చేదెవరు? ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అంతే.

ఆఖరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో తయారీదారు సొంత సైట్‌లో చూడండి. ఆగిపోయిందని తేలితే తీసేసి, ఇప్పటికీ అప్‌డేట్లు వస్తున్నదానికి మారండి. పాత పేరుతో ఎక్కడపడితే అక్కడ దొరికే ఫైల్ మాత్రం దింపకండి. వాటితో వైరస్ తెచ్చుకుని పిల్లల ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను, చాలా బాధేస్తుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. సొంత వాడకానికి 52వ సెక్షన్‌లో కొంత వెసులుబాటు ఉంది. కాపీ తీసి పక్కింటికి ఇస్తే అది సొంత వాడకం కాదు.

గీతలు, బూజు, లెన్స్ దుమ్ము అరుదు. అలాంటప్పుడు డిస్క్ ఆడటమే కష్టం. కొత్త డ్రైవ్‌కి రీజియన్, అంటే ఏ ప్రాంతపు డీవీడీలు ఆడాలో చెప్పే నంబరు, పెట్టి ఉండకపోవచ్చు. ఇండియాది 5వ నంబరు. దాన్ని మార్చడానికి ఐదుసార్లే వీలుంటుంది కాబట్టి ఒకసారి పెట్టి వదిలేయండి.