బొక్క పడాలి, వెనకాలే పూడాలి: 6 ఎంఎం ఎస్‌ఎస్‌కి ప్లాస్మా వెల్డింగ్

జీడిమెట్లలో ఫార్మా కంపెనీలకు రియాక్టర్లు, ట్యాంకులు చేసే షెడ్లలో పద్దెనిమిదేళ్లు టిగ్ టార్చ్ (టంగ్‌స్టన్ కడ్డీ కొన నుంచి కరెంటు ఆర్క్ వేసి, ఆర్గాన్ గ్యాస్ కాపులో లోహాన్ని కరిగించి అతికేది) పట్టాక నా చేతికి ప్లాస్మా మెషిన్ వచ్చింది. మొదటి రోజు ట్రయల్ ముక్క మీద ఆర్క్ వేశాను. ప్లేటుకి బొక్క పడగానే ఠక్కున ఆపేశాను. టిగ్‌లో బొక్క పడిందంటే తిట్లు, గ్రైండింగ్, మళ్లీ పూడ్చుకోవడం. పక్కనున్న సర్వీస్ ఇంజనీరు నవ్వి, "ఎందుకు ఆపేశారన్నా? ఇప్పుడేగా వెల్డింగ్ మొదలైంది" అన్నాడు. టిగ్ నుంచి వచ్చే తమ్ముళ్లు ముందు వదిలించుకోవాల్సింది ఆ భయమే. 6 ఎంఎం మందం 304ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీల్ (ఎస్‌ఎస్) షెల్‌కి, అంటే ట్యాంకు గుండ్రటి ఒంటికి, లాంగ్ సీమ్ (పొడవునా వేసే అతుకు) వేయడం ఎలాగో చెబుతాను, మిగతాది మీకే అర్థమవుతుంది.

టిగ్‌లో టంగ్‌స్టన్ బయటికి పొడుచుకుని ఉంటుంది, ఆర్క్ కిందికి వచ్చేసరికి గొడుగులా విచ్చుకుంటుంది. ప్లాస్మా టార్చ్‌లో టంగ్‌స్టన్ రాగి నాజిల్ లోపలికి నక్కి ఉంటుంది. ఆ నాజిల్‌ని నీళ్లు చల్లబరుస్తుంటాయి. ఆర్క్, ఆర్గాన్ రెండూ నాజిల్‌కున్న 2-3 ఎంఎం రంధ్రంలోంచే దూరి రావాలి. కంసాలి ఊదుగొట్టంతో దీపం మంటని సూదిలా చేస్తాడు చూడండి, అలా ఆర్క్ సన్నబడి నిటారుగా దిగుతుంది. దాని నడుమ వేడి 20,000 డిగ్రీలు దాటుతుంది. చుట్టూ ఉన్న కప్పులోంచి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడే షీల్డింగ్ గ్యాస్ వేరేగా వస్తుంది. అంటే ఈ మెషిన్‌కి గ్యాస్ లైన్లు రెండు, వాటి మీటర్లూ రెండు.

ఈ పద్ధతికి 1957లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నది రాబర్ట్ గేజ్, యూనియన్ కార్బైడ్ వాళ్ల లిండే విభాగం మనిషి. అవును, భోపాల్‌తో మనకు గుర్తుండిపోయిన ఆ కంపెనీయే.

పనిలోకి దిగే ముందు టార్చ్ విప్పి చూడండి. టంగ్‌స్టన్ నాజిల్ లోపల ఎంత వెనక్కి ఉండాలో కొలవడానికి మెషిన్‌తో పాటు చిన్న గేజ్ ఇస్తారు. ఒకసారి నేను ఆ గేజ్ వెతుక్కోవడానికి బద్ధకించి కంటి అంచనాతో బిగించాను. టంగ్‌స్టన్ కాస్త పక్కకి ఒరిగింది. కరెంటు పెంచగానే చిటపటమంటూ ఆర్క్‌లో ఆకుపచ్చ ఛాయ కనిపించింది. ఆకుపచ్చ అంటే రాగి కాలుతున్నట్టే. ఆర్క్ రంధ్రంలోంచి నేరుగా రాకుండా టంగ్‌స్టన్ నుంచి నాజిల్‌కి, నాజిల్ నుంచి ప్లేటుకి రెండుగా దూకింది. దీన్నే డబుల్ ఆర్కింగ్ అంటారు. విప్పి చూస్తే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. ఆ నాజిల్ ఇక చెత్తలోకే. ప్లాస్మా గ్యాస్ (నాజిల్ రంధ్రంలోంచి వచ్చే ఆర్గాన్) తక్కువైనా, ఆ రంధ్రం మోయలేనంత కరెంటు పెట్టినా, నాజిల్ ప్లేటుకి తగిలినా ఇదే జరుగుతుంది. అందుకే ఇప్పుడు టంగ్‌స్టన్ మార్చిన ప్రతిసారీ హై ఫ్రీక్వెన్సీ స్పార్క్ వేసి నాజిల్ లోపలికి చూస్తాను. స్పార్క్ చుట్టూ సమంగా తిరిగితే టంగ్‌స్టన్ నడిమధ్యన ఉన్నట్టు.

6 ఎంఎంకి టిగ్‌లో అయితే అంచులు ఏటవాలుగా చెక్కి వి గ్రూవ్ తీసి, అడుగున రూట్ (మొదటి వరుస) వేసి, పైన రాడ్‌తో రెండు మూడు పాస్‌లు (వరుసలు) నింపాలి. ప్లాస్మాలో అంచులు నిటారుగా ఉంచి ఒకదానికొకటి ఆనించేస్తే చాలు, ఒక్క పాస్‌లో అయిపోతుంది. మిగిలిన ఆ శ్రమంతా ఫిటప్‌లో, అంటే ప్లేట్లని సరిగ్గా జత కుదర్చడంలో పెట్టాలి. గ్యాప్ అర ఎంఎం దాటకూడదు, ప్లేట్లు ఎగుడుదిగుడుగా ఉండకూడదు. ప్లేట్లు కదలకుండా అక్కడక్కడా పెట్టే టాక్‌లు రాడ్ లేకుండా టిగ్‌తో వేసుకోండి. సీమ్ రెండు చివరలా అదే మందం ప్లేటు ముక్కలు అతికించండి. వెనక వైపు ఆర్గాన్ పర్జింగ్ (గాలిని తోసేసి ఆర్గాన్ నింపడం) తప్పనిసరి. లేకపోతే లోపలి వైపు నల్లగా మాడిపోతుంది, ఫార్మా వాళ్లు షెల్ వెనక్కి పంపేస్తారు. ఇంకో మాట. ఆర్గాన్ గాలి కంటే బరువు, షెల్ అడుగున నిలిచిపోతుంది. పర్జింగ్ చేసిన షెల్‌లోకి గాలి ఆడించకుండా దిగకండి. దానికి వాసన ఉండదు, ఊపిరాడటం లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

సెట్టింగులు నేను మొదలుపెట్టేవి ఇవి: 240 ఆంపియర్లు, ప్లాస్మా ఆర్గాన్ నిమిషానికి 8 లీటర్ల చుట్టుపక్కల, షీల్డింగ్ 20 లీటర్లు, నాజిల్‌కీ ప్లేటుకీ మధ్య 5 ఎంఎం, వేగం నిమిషానికి 350 ఎంఎం. టంగ్‌స్టన్ మైనస్, ప్లేటు ప్లస్. షీల్డింగ్‌లో 5 శాతం హైడ్రోజన్ కలిపితే 304కి బాగుంటుంది. టైటానియంకి మాత్రం ఆ సిలిండర్ దగ్గరికి కూడా రానివ్వకండి, పెళుసెక్కి పగులుతుంది. మీ నాజిల్‌ని బట్టి ఈ అంకెలు మారతాయి. ముందు ట్రయల్ ముక్క మీద చూసుకోండి.

ఇప్పుడు పైలట్ వెలిగించండి. టంగ్‌స్టన్‌కీ నాజిల్‌కీ మధ్య చిన్న ఆర్క్ నిలబడుతుంది. మెయిన్ కరెంటు ఇస్తే అది ప్లేటు మీదకి దూకుతుంది. లోహం కరిగి, గ్యాస్ ఒత్తిడికి పక్కకి జరిగి, ప్లేటుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి బొక్క పడుతుంది. టార్చ్ కదిలేకొద్దీ ముందు అంచు కరుగుతుంది. ఆ ద్రవం బొక్క పక్కల నుంచి వెనక్కి జారి, అక్కడ కలిసి గడ్డకడుతుంది. సన్నని తాళంచెవి రంధ్రంలా ఉంటుందని కీహోల్ అన్నారు.

నడుస్తున్నప్పుడు పైన గుంట కంటే వెనక వైపు చూడటం ముఖ్యం. అడుగునుంచి నీలి మంట సన్నగా, కాస్త వెనక్కి వాలి బయటికి వస్తుంటే అంతా బాగున్నట్టే. చప్పుడు కూడా ఒకే తీరుగా ఉంటుంది. మంట మాయమైతే బొక్క మూసుకుంది, గ్యాస్ పైకి తన్ని కరిగిన లోహాన్ని చిమ్ముతుంది. అప్పుడు వేగం తగ్గించండి. మంట నిటారుగా బలంగా దూకుతూ బొక్క వెడల్పవుతుంటే వేగం పెంచండి. గ్యాస్ మీటర్‌ని మాత్రం మధ్యలో ముట్టుకోకండి. ఎక్కువైతే వెల్డింగ్ కాస్తా కటింగ్ అయిపోతుంది! పైన అంచుల వెంట సన్నని గాడి పడితే వైర్ ఫీడర్‌తో కాస్త ఫిల్లర్ ఇవ్వండి.

లాంగ్ సీమ్‌కి ఆఖరి బొక్క చివర అతికించిన ముక్కలోకి పోతుంది, గ్రైండర్‌తో కోసి పారేస్తాం. షెల్‌కి డిష్ (గిన్నెలాంటి మూత) అతికే సర్కిల్ సీమ్‌కి, అంటే చుట్టూ తిరిగే అతుకుకి ఆ సుఖం లేదు. మొదలుపెట్టిన చోటు దాటి కొంచెం ముందుకెళ్లాక కరెంటూ ప్లాస్మా గ్యాసూ రెండూ కలిసి మెల్లగా తగ్గాలి. ఠక్కున ఆపితే ఆ బొక్క అలాగే మిగిలిపోతుంది. నాకు ఇది కుదరడానికి రెండు వారాలు పట్టింది.