చేతికొచ్చిన స్విచ్ బారెల్ బెంచ్‌రెస్ట్ రైఫిల్‌తో మొదలుపెట్టడం ఎలా

బెంచ్‌రెస్ట్ అంటే రైఫిల్‌ని బల్ల మీద ఆనించి, గుళ్లన్నీ వీలైనంత దగ్గరగా పడేలా కాల్చే ఆట. ఆ రైఫిళ్ల బారెళ్లకి చాంబర్ (తూటా కూర్చునే గది) తీసి యాక్షన్‌లకి (బోల్ట్ ఆడే మధ్య భాగం) బిగించడం నా పని. నాన్నగారిదనో, మామయ్యదనో, క్లబ్బులో పెద్దాయన రాసిచ్చి పోయాడనో చెప్పి ఎవరో ఒకరు పొడవాటి పెట్టె పట్టుకుని వస్తుంటారు. తెరిస్తే ఒక రైఫిల్, రెండు మూడు విడి బారెళ్లు, డబ్బాల నిండా ఇత్తడి కేసులు (మందు, బుల్లెట్ పెట్టే తూటా తొడుగులు), పేరు చెరిగిపోయిన డైలు (వాడిన కేసుల్ని మళ్లీ సైజుకి తెచ్చే అచ్చులు), నూనె మరకల నోటుపుస్తకం. "ఇది ఎంత బాగా కొడుతుందండీ?" అని వాళ్లు అడుగుతారు. "ఏ కేసులు ఏ బారెల్‌వి?" అని నేను అడుగుతాను. ఈ రెండో ప్రశ్నకి జవాబు దొరికేదాకా మొదటిదాని జోలికి పోకండి.

స్విచ్ బారెల్ అంటే ఒకే యాక్షన్, ఒకే స్టాక్ (భుజానికి ఆనే దిమ్మ). బారెల్ మాత్రం విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. చూడ్డానికి ఒక తుపాకీలా ఉంటుంది కానీ, ఒక్కో బారెల్ దాని కేసులతో, దాని డైలతో కలిపి ఒక్కో తుపాకీ కిందే లెక్క. ఆ జతలు కలిసిపోతే ఎంత ఖరీదైన సామానైనా ఇనుము, ఇత్తడి కుప్పే. అందుకే ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి: సర్దుతున్నామని డబ్బాలు కలిపెయ్యొద్దు, చీటీలు పీకెయ్యొద్దు, బుషింగ్‌లనే చిన్న చిన్న రింగులు చెత్తబుట్టలో వెయ్యొద్దు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఫోటోలు తీసి పెట్టుకోండి.

దీనికంటే ముందు కాగితాలు. లైసెన్సు, బదిలీ, విడి బారెల్‌ని కూడా నమోదు చేయించాలా వద్దా అన్నది మీరున్న చోటి చట్టాన్ని బట్టి ఉంటుంది. ఆ పని తేలేదాకా రైఫిల్ లైసెన్సున్న డీలర్ దగ్గరో, తాళం వేసిన సేఫ్‌లోనో ఉండాలి. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బారెళ్లు ఒక్కొక్కటే బయటికి తీయండి. చాంబర్ వైపు, పక్కనో కిందనో, అక్షరాలు చెక్కి ఉంటాయి. ఈ ఆటలో ఎక్కువగా కనిపించేది 6 పీపీసీ. 1970లలో లూ పాల్మిసానో, ఫెర్రిస్ పిండెల్ కలిసి .220 రష్యన్ కేసు నుంచి తయారుచేసిన తూటా అది. పేరు పక్కనే ".262 నెక్" అని ఉందా చూడండి. నా దృష్టిలో పెట్టె మొత్తంలో ముఖ్యమైన అంకె అదే. చాంబర్‌లో తూటా మెడ కూర్చునే చోటు వ్యాసం 0.262 అంగుళం అని అర్థం. 6 ఎంఎం బుల్లెట్ 0.243. కేసు మెడ గోడ మందం 0.0085 చొప్పున రెండు వైపులా కలిపితే 0.017. మొత్తం 0.260. అంటే తూటా మెడ చుట్టూ మొత్తం మీద మిగిలే ఖాళీ అంగుళంలో వెయ్యికి రెండు వంతులే. కొత్త కేసు మెడ గోడ ఇంతకంటే మందంగా ఉంటుంది, అందుకే మెడని చుట్టూ చెక్కి పలచన చేస్తారు. చెక్కని కేసులో బుల్లెట్ పెట్టి ఆ చాంబర్‌లోకి బలవంతంగా తోస్తే, పేలినప్పుడు మెడ విచ్చుకుని బుల్లెట్‌ని వదలడానికి చోటుండదు. ప్రెషర్ ఎక్కడికి పోతుందో ఊహించుకోండి.

కాబట్టి మైక్రోమీటర్ కొనండి. వెర్నియర్ క్యాలిపర్ ఈ పనికి చాలదు. డబ్బాలోంచి ఒక కేసు తీసి, బుల్లెట్ కూర్చోబెట్టి (నిప్పు పుట్టించే ప్రైమర్ వద్దు, పేలుడు మందు వద్దు), మెడ వ్యాసాన్ని తిప్పుతూ నాలుగు చోట్ల కొలవండి. బారెల్ మీది అంకె కంటే వెయ్యికి ఒకటిన్నర, రెండు వంతులైనా తక్కువ రావాలి. ఇంకో చిన్న పరీక్ష: ఆ బారెల్‌లో పేలిన కేసు మెడలోకి బుల్లెట్ వేలితో సులువుగా దిగాలి. దిగకపోతే ఆ కేసు ఈ బారెల్‌ది కాదు, లేదా దాని మెడ మళ్లీ చెక్కాలి. బారెల్ మీద ఏమీ రాసి లేకపోతే అందాజు వద్దు. తక్కువ వేడికే కరిగే సెర్రోసేఫ్ అనే లోహాన్ని చాంబర్‌లో పోసి అచ్చు తీస్తారు, దాన్ని కొలిస్తే అంతా తెలుస్తుంది. తెలిసిన గన్‌స్మిత్‌కి అప్పజెప్పండి.

జత కుదిరిన వెంటనే బారెల్‌కి ఒక నంబరు, దాని కేసుల డబ్బాకి అదే నంబరు, డైలకి అదే నంబరు. పెయింట్ మార్కర్‌తో రాయండి. అందం చూడొద్దు.

పెట్టెలో ముందే నింపి ఉన్న తూటాలు కనిపిస్తే కాల్చొద్దు. ఎంత ప్రేమగల నాన్నగారు నింపినవైనా సరే. ఏ బారెల్ కోసం నింపారో, ఎంత మందు వేశారో మీకు తెలియదు. బుల్లెట్లు లాగేసి, మందు పారబోసి, కేసులు మాత్రం ఉంచుకోండి. మూత తీసిన పాత మందు డబ్బాల విషయంలోనూ నాది అదే మాట, లేబుల్‌ని నమ్మొద్దు.

నోటుపుస్తకం బంగారమే కానీ అది వంటల పుస్తకం కాదు. అందులో "53" అని మాత్రమే రాసి ఉండొచ్చు. అది 53 గ్రెయిన్లు (మందు తూచే బరువు కొలత) కాదు. మందు కొలిచే మెజర్ మీది క్లిక్కుల లెక్క. అదే క్లిక్కుకి ఇంకో మెజర్, ఇంకో చెయ్యి వేరే బరువు పోస్తాయి. ఆయన మెజర్ మీ దగ్గరే ఉన్నా, పోసినదాన్ని తక్కెడలో తూచి గ్రెయిన్లలోకి మార్చాకే ఆ అంకెకి అర్థం. "జామ్‌కి 5 తక్కువ" లాంటి రాతలూ ఉంటాయి. బుల్లెట్‌ని రైఫ్లింగ్‌కి (బారెల్ లోపలి మెలి గాడులకి) ఎంత ఆనించాలన్న కొలత అది. బారెల్ అరిగేకొద్దీ రైఫ్లింగ్ మొదలయ్యే చోటు ముందుకు జరుగుతుంది కాబట్టి పాత అంకె ఇప్పుడు పనికిరాదు. పైగా పోటీల్లో ఆడేవాళ్లు మాన్యువల్ గీత దాటి నింపుతుంటారు. మీరు మాత్రం మందు పేరు అక్కణ్నుంచి తీసుకుని, మోతాదు ఆ మందు కంపెనీ అచ్చు వేసిన మాన్యువల్‌లోని కింది అంకె నుంచి మొదలుపెట్టండి.

ఇక బారెల్ మార్చడం. చాలామందికి టెన్షన్ ఇక్కడే. ముందు స్టాక్ చూడండి. బెంచ్‌రెస్ట్ రైఫిళ్లలో యాక్షన్‌ని స్టాక్‌లో జిగురుతో అతికించేయడం మామూలే. స్క్రూలు తీసినా ఊడి రాకపోతే సుత్తి అందుకోకండి, అది అలాగే ఉండాలి. అలాంటి వాటికి యాక్షన్ వెనక నుంచి, బోల్ట్ వెళ్లే దారిలో దూర్చే రెంచ్ ఉంటుంది. పెట్టెలో గుండ్రటి ఉక్కు కడ్డీకి ఒక చివర చెవుల్లాంటివి ఉంటే అదే. పారేయలేదు కదా?

బోల్ట్ తీసేయండి. చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి చూడండి. బారెల్‌ని బారెల్ వైస్‌లో, దానికి సరిపోయే బుషింగ్‌ల మధ్య బిగించండి. వెనక నుంచి రెంచ్ దూర్చి, వెనక వైపు నిలబడి చూస్తే గడియారం ముళ్లకి ఎదురుగా తిప్పాలి. బారెల్ కదలదు, రైఫిల్ తిరుగుతుంది. స్కోప్ బల్లకి కొట్టుకోకుండా ముందే చోటు చూసుకోండి. బిగుసుకుపోయి ఉంటే కుదుపులు వద్దు. థ్రెడ్‌ల దగ్గర పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి.

విడిపోయాక తొందర పడకండి. యాక్షన్ ముఖం, బారెల్ భుజం (థ్రెడ్‌లు ఆగిపోయే చోటి మెట్టు), థ్రెడ్‌లు సాల్వెంట్‌తో తుడవండి. ఇసుక రేణువంత చెత్త భుజం కింద ఇరుక్కున్నా హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖం నుంచి చాంబర్‌లో తూటా ఆగే చోటుదాకా ఉండే దూరం) మారుతుంది, బారెల్ కూర్చునే తీరూ మారుతుంది. థ్రెడ్‌లకి, భుజానికి పలచగా యాంటీ సీజ్ గ్రీజు రాయండి. చాంబర్‌లోకి పోనివ్వొద్దు. బిగించబోయే బారెల్‌ని చేత్తోనే తిప్పండి. భుజం ఆనేదాకా చేత్తోనే రావాలి. మధ్యలో పట్టేస్తే ఆపేయండి. ఆ బారెల్ ఈ యాక్షన్‌ది కాకపోవచ్చు. రెమింగ్టన్ 700 తరహా థ్రెడ్ 1 1/16 అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. అదే వ్యాసంలో అంగుళానికి 18 ఉన్న కస్టమ్ యాక్షన్‌లూ ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా తెలియదు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, ప్రతిసారీ ఒకే అంకెకి. ఎంత అన్నది ఆ యాక్షన్ తయారీదారు చెప్పిన లెక్క.

బిగించాక హెడ్‌స్పేస్ చూడకుండా తూటా పెట్టొద్దు. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ తీసేసిన ఉత్త బోల్ట్‌తో చూడాలి, లేకపోతే స్ప్రింగ్ చెయ్యిని మోసం చేస్తుంది. గో గేజ్ (హెడ్‌స్పేస్ కనీస కొలతకి చేసిన ఉక్కు తూటా) మీద బోల్ట్ హ్యాండిల్ దాదాపు తన బరువుకే కిందికి పడాలి. అంతకంటే కాస్త పొడవైన నో గో గేజ్ మీద పడకూడదు. ఇంకాస్త సన్నగా చూడాలంటే గో గేజ్ అడుగున ఒక పొర సెల్లోటేప్ అంటించి అంచులు కత్తిరించండి. అది సుమారు వెయ్యికి రెండు వంతుల మందం. టేప్‌తో బోల్ట్ పట్టేసి, టేప్ లేకుండా దిగితే హెడ్‌స్పేస్ చక్కగా ఉన్నట్టు. అన్నీ సరే అనుకున్నాక బోల్ట్ లగ్‌ల (బోల్ట్‌ని తాళంలా పట్టి ఉంచే చెవుల) వెనక చుక్క గ్రీజు పెట్టండి. ఈ అలవాటు లేక లగ్‌లు గీరుకుపోయిన బోల్ట్‌లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

ట్రిగ్గర్ గురించి గట్టిగా చెప్పాలి. వీటిలో 2 ఔన్సులకి, అంటే 57 గ్రాములకి వదిలే ట్రిగ్గర్‌లు ఉంటాయి. సేఫ్టీ ఉండకపోవచ్చు. ఖాళీ రైఫిల్‌ని కాక్ చేసి, మెత్తటి చాప మీద స్టాక్ మడమని (భుజానికి ఆనే చివరని) తట్టండి, బోల్ట్‌ని విసురుగా మూయండి. ఒక్కసారి దానంతటది వదిలినా గన్‌స్మిత్‌కి చూపించేదాకా ఆ రైఫిల్ రేంజికి వెళ్లకూడదు. ట్రిగ్గర్‌లో నూనె పోయొద్దు, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. లైటర్ ఫ్లూయిడ్‌తో కడిగి ఆరబెట్టడమే.

మొదటిరోజు రేంజికి కొత్త బారెల్ తీసుకెళ్లొద్దు. సగం వాడిన బారెల్ బిగించుకెళ్లండి, నేర్చుకునే దశలో ఖర్చయ్యేది అదే కావాలి. రైఫిల్ ముందు భాగాన్ని మోసే ఫ్రంట్ రెస్ట్, వెనక ఇసుక బ్యాగ్ ఒకే గీతలో పెట్టి, రైఫిల్‌ని చేత్తో వెనక్కి ముందుకీ జరిపి చూడండి. స్కోప్‌లోని క్రాస్ హెయిర్ (ప్లస్ గుర్తు గీతలు) టార్గెట్ మీద నిలువుగా కదలొచ్చు కానీ పక్కకి పోకూడదు. పోతోందంటే బ్యాగ్ వంకరగా ఉంది. వెనక బ్యాగ్ చెవుల మీద కాస్త టాల్కమ్ పౌడర్ రాస్తే స్టాక్ పట్టేయకుండా జారుతుంది. తర్వాత స్కోప్ పారలాక్స్. తల అటూ ఇటూ ఊపినా క్రాస్ హెయిర్ కదలకుండా ఉండేదాకా సర్దండి. గాలి జెండాలు రెండు పాతండి, కనీసం ఏ వైపు నుంచి వీస్తోందో తెలుస్తుంది.

100 గజాల్లో అయిదు గుళ్ల గ్రూప్ కాల్చండి. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి 0.243 తీసేస్తే మధ్య నుంచి మధ్యకి లెక్క వస్తుంది. బాగా కుదిరిన ఇలాంటి రైఫిల్ ప్రశాంతమైన గాలిలో పావు అంగుళం లోపే పెట్టగలదు. మీకు మొదట్లో అర అంగుళం వచ్చినా తప్పు రైఫిల్‌ది అనుకోవద్దు, బారెల్‌దని అసలే అనుకోవద్దు. గ్రూప్‌తో పాటు బారెల్ నంబరు, స్కోప్ ఎన్ని క్లిక్కులు తిప్పారో రాసుకోండి. బారెల్ మార్చగానే జీరో (గురి కుదిర్చిన స్కోప్ సెట్టింగు) మారుతుంది. పాత అంకె ఉంటే తిరిగి రావడం తేలిక.

కడగడం వెనక నుంచే, బోర్ గైడ్ పెట్టి, అతుకుల్లేని రాడ్‌తో. మూతి వైపు అంచు దెబ్బతింటే కచ్చితత్వం పోయినట్టే.

పాత బారెల్ గ్రూపులు పెద్దవవుతుంటే బోర్‌స్కోప్‌తో లోపల చూపించండి. చాంబర్ ముందు భాగం నెర్రెలిచ్చి ఉంటే, వెనక కొంత కోసి కొత్తగా చాంబర్ తీయించొచ్చు. ఆ పనికి ఇచ్చేటప్పుడు మీ కేసులు రెండు మూడు, మెడ కొలత రాసిన చీటీతో సహా ఇవ్వండి. వేరే రీమర్‌తో (చాంబర్ తొలిచే పనిముట్టుతో) తీస్తే పాత కేసులు పట్టకపోవచ్చు. ఆ బారెల్‌కి అప్పుడు కొత్త నంబరు, కొత్త డబ్బా.